తొట్టిని తొట్టి చేశారు

మా అత్తగారు సిడ్నీలో దిగిన దగ్గర్నుంచీ నా కొడుకును పేరు పెట్టి పిలవలేదు. ఆస్పత్రిలో రాయించిన పేరుంది. బర్త్ సర్టిఫికెట్టు వచ్చింది. బేబీ క్లినిక్కులో నర్సు ఆ పేరుతోనే కేకేసి పిలిచి వాణ్ణి తూచేది. ఆవిడకు మాత్రం వాడు బుజ్జిగాడు, దొరబాబు, నా మీద కోపమొచ్చిన రోజున "మీ అమ్మ కొడుకు".

"పేరుతో పిలవొచ్చుగా అత్తయ్యా," అన్నానొకసారి.

"పెట్టందే ఎలా పిలుస్తారే?"

"పెట్టాం కదా. సర్టిఫికెట్టు చూపించానుగా."

"అది గవర్నమెంటు రాసుకున్న పేరు. దేవుడి ముందు ఎవరన్నా చెప్పారా?"

ఈ మాట వెనక మా ఇంటి పాత యుద్ధం ఉంది. బయటివాళ్ళ కంటికి మేమంతా ఒకటే, కోస్తా క్రైస్తవులం. లోపలికొస్తే కదా తెలిసేది. మా పుట్టింటివాళ్ళు ఒంగోలు వైపు బాప్టిస్టులు. మాకు బాప్తిస్మమంటే నిండా మునగడం. అదీ బుద్ధి తెలిశాక, ఎవరికివాళ్ళు నమ్మి, నలుగురి ముందూ నోరు విప్పి చెప్పాక. మా గుళ్ళో ప్రసంగ వేదిక కింద సిమెంటు తొట్టి ఉండేది. మెట్లు దిగి నడుంలోతు నీళ్ళలో నిలబడితే పాస్టరుగారు వీపు కింద చెయ్యేసి వెనక్కి వాల్చేవారు. నేనలాగే మునిగాను, ముక్కులోకి నీళ్ళు పోయి దగ్గుతూ లేచాను, ఆ దగ్గే నా సాక్ష్యమని మా నాన్న వేళాకోళం చేసేవాడు.

మావారిది బందరు వైపు. ఇంగ్లీషు దొరలు కట్టించిన గుడి. అక్కడ పొత్తిళ్ళలో బిడ్డను తీసుకెళితే, రాతి స్తంభం మీదున్న గిన్నెలోంచి అయ్యగారు నాలుగు చుక్కలు నుదుట పోస్తారు, అయిపోయింది. దాన్నీ తొట్టి అనే అంటారు. వాళ్ళు మమ్మల్ని ముంచుడువాళ్ళు అంటారు, మేం వాళ్ళను చిలకరింపువాళ్ళు అంటాం. నాలుగు చుక్కలకే పాపం పోయేట్టయితే వానాకాలం బందరంతా పరిశుద్ధులేనా అని నేను పెళ్ళి కుదిరిన వారంలోనే అన్నాను. మామగారు పడీపడీ నవ్వారు. అత్తగారు నవ్వలేదు.

వాళ్ళ పద్ధతిలో ఆ తొట్టి దగ్గరే బిడ్డకు పేరు. అయ్యగారు పేరేమిటని అడగాలి, ఇంటి పెద్ద ఎవరో గట్టిగా పలకాలి. అప్పటిదాకా ఆ బిడ్డ ఒట్టి బిడ్డే. వాళ్ళింట పుట్టిన ప్రతి బిడ్డ పేరూ అక్కడ పలికింది మా అత్తగారి గొంతే, ఒక్క నా కూతురి పేరు తప్ప. నా కూతురి విషయంలో నేను మొండికేశాను. పెద్దయ్యాక దాని ఇష్టం, దాని నోరు, అన్నాను. దానికి పదిహేనేళ్ళొచ్చాయి, ఆవిడ ఇప్పటికీ దాన్ని "పిల్లా" అనే పిలుస్తారు. ఉత్తరాల్లో కూడా "పిల్లకు ముద్దులు" అనే రాసేవారు.

నలభై దాటాక నాకీ కొడుకు పుట్టాడు, అదీ నెలలు నిండకుండా, నెల ముందే. ఆవిడ ఆరు నెలల వీసా మీద వచ్చారు. వచ్చిన రోజునే చెప్పేశారు, మోకాళ్ళు ఇంకోసారి ఇంత దూరం రానివ్వవు, ఇదే మొదలూ చివరా అని. ఏం అడుగుతున్నారో విడమరిచి చెప్పక్కర్లేదు. విమానం ఎక్కేలోపు ఈ మనవడి పేరు పలకాలి. నేను పలకనివ్వనని ఆవిడకూ తెలుసు.

ఎనభైల చివర అది. అప్పటికి సిడ్నీ శివార్లలో మేముండే కెల్లీవిల్ ఇంకా నిండలేదు. నారింజ తోటలు, కోళ్ళఫారాలు, గుర్రాలు మేసే పచ్చిక బయళ్ళు, వాటి మధ్య కొత్తగా లేస్తున్న ఎర్ర ఇటుక ఇళ్ళు. అందులో ఒకటి మాది. నేను వెళ్ళే బాప్టిస్టు గుడి దూరం. దగ్గర్లో చిన్న ఇసుకరాతి గుడి ఉండేది, ఇంగ్లీషు సంఘంవాళ్ళది. అత్తగారి మోకాళ్ళను చూసి అక్కడికే తీసుకెళ్ళాం. లోపల అడుగు పెట్టారో లేదో, తలుపు పక్కన నీడలో నిలబడున్న రాతి తొట్టిని చూసి ఆగిపోయారు.

"ఇదిగోనే, మన తొట్టి!"

తొమ్మిది వేల కిలోమీటర్ల అవతలి పరాయి ఊళ్ళో పెద్దకర్మకు వచ్చిన బంధువును గుర్తుపట్టినట్టు గుర్తుపట్టారు. సన్నటి స్తంభం, దానిమీద గుమ్మడికాయను సగానికి కోసి తొలిచినట్టు గిన్నె, అంచున ఒకచోట పెచ్చు ఊడింది. ఆవిడ ఆ పెచ్చులో బొటనవేలు పెట్టి కాసేపు అలాగే ఉన్నారు. నేను "రండత్తయ్యా, అందరూ చూస్తున్నారు" అని లాగాను.

ఆ గుడి అయ్యగారు నాకంటే పొడుగు రెండింతలు. తెల్లంగీ విప్పితే కింద నిక్కరే. ఎండకు కాలిన మెడ. సెలవు పెట్టి ఇంగ్లండు వెళ్ళి అప్పుడే తిరిగొచ్చాడు. వచ్చీరాగానే ఒక ఆదివారం గుడి మెట్ల మీద నన్ను పట్టుకుని, "మీ అబ్బాయి బాప్తిస్మం సంగతి మాట్లాడదామా? మీ అత్తగారు అడిగారు," అన్నాడు.

"ఆవిడకు ఇంగ్లీషు రాదే!"

"మీ అమ్మాయి వచ్చిందిగా."

వెనక్కి తిరిగి చూశాను. నా కూతురు ఆకాశంలోకి చూస్తోంది.

"ఐ ఓన్లీ ట్రాన్స్‌లేటెడ్, అమ్మా. షీ ఆస్క్‌డ్ నైస్‌లీ."

ఆ మెట్ల మీదే ఆయనకు నా సిద్ధాంతమంతా అప్పజెప్పాను. నమ్మకం లేని బాప్తిస్మం బాప్తిస్మం కాదు, పాలు తాగే బిడ్డకు నమ్మకం ఎక్కడిది, అయినా మీ గిన్నెలో పిల్లి కూడా మునగదు, అన్నీ చెప్పాను. ఆయన ఎక్కడా అడ్డు రాలేదు. చివరికి, "మధ్యాహ్నం పెరట్లో బార్బీ భోజనాలయ్యాక హాల్లో స్లైడ్లు వేస్తున్నాను. అవి చూశాక నన్ను కొట్టండి," అన్నాడు.

సాసేజీలు తిని, ఈగలు తోలుకుని, హాల్లోకి వెళ్ళాం. బయట కళ్ళు పగిలే ఎండ, లోపల కర్టెన్లు మూసి చీకటి చేశారు. ప్రొజెక్టరు ఫ్యాను బుర్రున తిరుగుతోంది. అత్తగారిని ముందు వరసలో కూచోబెట్టి, చెవిలో చెప్పడానికి నేను పక్కన చేరాను. బిడ్డ నా ఒళ్ళో, మావారు వెనక వరసలో కునుకులో.

మొదటి బొమ్మలో ఇంగ్లండులో ఒక పల్లె, పొట్టి గోపురంతో ఓ గుడి, చుట్టూ వాలిపోయిన సమాధి రాళ్ళు. మన గుడి తలుపు పక్కనున్న తొట్టి ఇక్కడిదేనన్నాడాయన. ఆ పల్లెనుంచి వచ్చిన ఒకాయన ఈ గుడి కట్టిన కొత్తలో దాన్ని ఓడలో గడ్డి చుట్టి తెప్పించాడట. ఆ పెచ్చు ఓడలో ఊడిందే.

"వాళ్ళెందుకిచ్చారు? వాళ్ళకు అక్కర్లేదా?" అత్తగారి ప్రశ్న. నేను అడిగాను. ఆయన, అదే చెబుతున్నానన్నట్టు చెయ్యి ఎత్తి, టక్కుమని బొమ్మ మార్చాడు.

ఆ గుడికి ఎన్ని తొట్లుండేవో! మన తొట్టి తర్వాత వచ్చినది విక్టోరియా రాణి కాలంలో అక్కడి జమీందారు పెట్టించిన ఎనిమిది మూలల పాలరాతి తొట్టి. ఒక్కో ముఖం మీదా ఒక దేవదూత, పెళ్ళి కేకులా ఉంది. అది రాగానే పాతది పెరట్లోకి పోయింది, అక్కడినుంచి మన ఓడకెక్కింది. అంటే మనకొచ్చింది వాళ్ళు మార్చేసిన సామాను. అది విని వెనక ఎవరో గట్టిగా నవ్వారు. ఇంగ్లండు పాత సామానే ఆస్ట్రేలియా అని ఇక్కడివాళ్ళు తమమీద తామే వేసుకునే జోకు.

"మన తొట్టి కంటే ముందు?" ఈసారి నేనే అడిగాను.

ముందు ఒక తగరపు గిన్నె. ఇంగ్లండులో రాజుకూ పార్లమెంటుకూ యుద్ధమైన రోజుల్లో కొందరు బయల్దేరారట. రక్షణకు నీళ్ళు కావాలి గానీ రాయి ఎందుకు, రాళ్ళను పట్టుకు వేలాడటం విగ్రహారాధన, అని వాదించి తొట్టిని బయటికి గెంటేసి, తగరపు గిన్నె పెట్టారు.

"అందులో తప్పేముంది?" అన్నాను, కొంచెం గట్టిగానే.

"మీరు అప్పుడు అక్కడుంటే వాళ్ళకు గునపాలు అక్కర్లేకపోయేవి, మీరే గెంటేసేవారు," అన్నాడాయన. హాలంతా నవ్వింది. మావారు లేచి కూచున్నారు.

అప్పుడు టక్కుమని ఇంకో బొమ్మ పడింది. 

అది, వాళ్ళు గెంటేసిన తొట్టి. తొట్లన్నిటికీ మొదటిది. స్తంభం లేదు, పీఠం లేదు, నేలమీద నేరుగా కూచున్న ఒకే ఒక్క బండ. పెద్ద గంగాళమంత ఉంది. చుట్టూ తాడు పేనినట్టు ఒక చెక్కడం, చెక్కినవాడి చెయ్యి వణికిందో, పొద్దువాలిందో, ఒకచోట ఆ తాడు కిందికి జారి మళ్ళీ పైకొచ్చింది. ఎవరు చెక్కారో, ఎప్పుడు చెక్కారో ఆ ఊళ్ళో చెప్పగలిగినవాళ్ళు లేరట. గుడి గోడలకంటే అది పాతదట. దాన్ని పెట్టుకుని చుట్టూ గుడి కట్టుకున్నారు. అంచున రెండు ఇనప మేకుల మొదళ్ళు తుప్పు పట్టి మిగిలాయి. పూర్వం మూతేసి తాళం వేసేవారట, జనం ఆ నీళ్ళు మందుకనీ మంత్రానికనీ దొంగిలించుకు పోకుండా.

"బందర్లోనూ సీసాల్లో పట్టుకుపొయ్యేవాళ్ళు," అన్నారు అత్తగారు మెల్లగా.

నేను దాని లోతు చూస్తున్నాను. అయ్యగారు పక్కన నిలబడి తీయించుకున్న బొమ్మ ఒకటి వేశాడు. చెయ్యి లోపల పెడితే మోచెయ్యి దాటి మునిగింది.

"ఇంత లోతెందుకు?"

ఆయన నాకేసి తిరిగాడు. ఈ ప్రశ్న కోసమే కాచుక్కూచున్నట్టున్నాడు.

"ముంచేవాళ్ళు. బట్టలు విప్పేసి, పసివాళ్ళను, నిండా. మా పాత పద్ధతి అదే. బిడ్డ తట్టుకోగలిగితే ముంచాలి, నలతగా ఉంటేనే పొయ్యాలి. చలిదేశం కదా, తల్లులంతా మా బిడ్డ నలతేనన్నారు. తొట్లు చిన్నవైపోయాయి."

 చిలకరింపువాళ్ళు ముంచుడువాళ్ళే! బందరు గుడి నాలుగు చుక్కలూ ఒంగోలు గుడి నడుంలోతు నీళ్ళూ ఈ బండలోంచే కారాయి. ఇన్నేళ్ళుగా నేను మా అత్తగారి మీద విసిరిన మాటలన్నీ ఆ రాతి మీద పడి, శబ్దమైనా లేకుండా మునిగిపోయినట్టయింది. గెలిచానో ఓడానో తేల్చుకునే ఓపిక కూడా లేదు. నిండా నీళ్ళు, వణికే ఒక కొవ్వొత్తి, ఎవరో తల్లి చేతుల్లోంచి ఎవరో అందుకున్న ఎర్రటి బిడ్డ. ఆ బిడ్డ పెరిగి, ముసలిదై, గుడి బయట మట్టిలో కలిసింది. దాని బిడ్డ వచ్చింది అదే రాతికి. దాని బిడ్డ. నా ఒళ్ళో నావాడు నిద్రలో పెదవులు చప్పరించాడు, ఉలిక్కిపడ్డాను.

"మరి గెంటేశాక ఏమైందట?" అత్తగారు మోచేత్తో పొడిచారు.

ఆయన చెబుతున్నాడు, నేను వింటూ చెవిలో వేస్తున్నాను. "ఓ రైతు బండి కట్టుకొచ్చి తొట్టిని ఎత్తుకుపోయాడట. తీసుకెళ్ళి తొట్టి చేశాడట."

"తొట్టిని తొట్టి చెయ్యడమేంటే?"

"అదే అత్తయ్యా, తొట్టిని తొట్టిలా వాడుకున్నాడు."

"మరింకెలా వాడతారు?"

నాకు చిర్రెత్తింది. "బాప్తిస్మపు తొట్టి! దాన్ని పశువుల తొట్టి చేశాడు. పాత నీళ్ళు వదలడానికి పక్కన చిల్లు కొట్టి, గొడ్లకు నీళ్ళు పెట్టాడు. తరతరాలుగా గొడ్లు తాగాయట అందులో. అపవిత్రం చేశాడని వాళ్ళు ఏడుస్తున్నారు. అర్థమైందా?"

ఆవిడ తెరమీద తొట్టిని చూస్తూ, "ఒంగోలు గిత్తల ఊరిదానివి, పశువుల తొట్టంటే నీకంత చులకనేంటే?" అన్నారు. "ప్రభువును పుట్టగానే ఎక్కడ పడుకోబెట్టారు?"

పశువుల తొట్టిలో. చిన్నప్పటినుంచీ ప్రతి క్రిస్మసుకూ విన్నదే, పిల్లలచేత నాటకాలేయించి, గడ్డి పరిచి, నేనే సర్దినదే. ఆ తొట్టినీ ఈ తొట్టినీ నేనెప్పుడూ పక్కపక్కన పెట్టలేదు.

"ఏమంటున్నారు గ్రాండ్మా?" అయ్యగారు అడిగాడు.

ఇంగ్లీషులో చెప్పబోతే ఆ మాట ముక్కలైపోయింది. వాళ్ళకు గుళ్ళో ఉన్నదానికి ఒక పేరు, గొడ్లు తాగేదానికి ఒక పేరు, ప్రభువు పడుకున్నదానికి ఇంకో పేరు. మూడు మాటలూ చెప్పి, మా భాషలో ఈ మూడూ ఒకటే మాట అన్నాను.

ఆయన చెయ్యి బటను మీద ఆగిపోయింది. "ఏం మాట?"

"తొట్టి."

"టొట్టీ," అన్నాడు. మళ్ళీ అన్నాడు. "ఆ ఊరివాళ్ళు ఈ కథ చెప్పేటప్పుడు ఇప్పటికీ గొంతు తగ్గిస్తారు. ఒకరోజు వాళ్ళ పాస్టరు పొలం గట్టున నడుస్తుంటే ఆవు తాగి తలెత్తిందట, దాని గడ్డం కింద ఈ తాడు చెక్కడం కనిపించిందట. పరుగెత్తుకెళ్ళి జనాన్ని పిలుచుకొచ్చి గుళ్ళోకి చేర్చుకున్నారు. పోయింది, దొరికింది అంటారు వాళ్ళు. మీ భాషలో అయితే అది అసలు ఎక్కడికీ పోలేదు."

చివరి బొమ్మ వేశాడు. తొట్టి అంచు, దగ్గరగా తీసింది. ఒక పక్క గరుకు గరుకుగా, ఉలి దెబ్బలు ఇంకా పచ్చిగా ఉన్నాయి. రెండో పక్క, పిండిముద్దను అరచేత్తో ఒత్తినట్టు, నున్నగా లోపలికి దిగిపోయింది. గొడ్లు మెడలు వాల్చి తాగిన చోటు. రాయి అరిగిపోయింది, మెత్తటి మెడలకు.

అత్తగారు కుర్చీలోంచి లేచారు. మోకాళ్ళు పట్టుకుని, ఒక్కో అడుగూ వేస్తూ తెర దగ్గరికి వెళ్ళారు. వెలుగులోకి వెళ్ళగానే బొమ్మంతా ఆవిడ తెల్లచీర మీదికి వచ్చేసింది. తొట్టి ఆవిడ వీపు మీద, తాడు చెక్కడం భుజాల మీద, అరిగిన అంచు సరిగ్గా ఆవిడ మెడ దగ్గర. ఆవిడకది తెలియదు. తెరమీద తన నీడలో తొట్టి ఎక్కడుందో వెతుక్కుంటూ అరచెయ్యి ఆనించి నిలబడ్డారు. ఎవరూ కూచోమనలేదు. ఫ్యాను బుర్రుమంటూనే ఉంది. ఎక్కడో సముద్రాల అవతల ఉన్న రాయి, నా కళ్ళెదుట, రేపోమాపో వెళ్ళిపోయే మనిషి ఒంటిమీద కాసేపు నిలిచింది. నా వంటిది కూడా తల వంచిందంటే మావారు ఇప్పటికీ నమ్మరు.

మర్నాడు వంటింట్లో బెండకాయలు తరుగుతూ మొదలుపెట్టాను. ఆ విషయంలో నేను మారలేదు, ఇవాళ అడిగినా అదే చెబుతాను. నమ్మకం బిడ్డ తరఫున ఇంకొకరు పెట్టేది కాదు.

"కాబట్టి అత్తయ్యా, వాడికి మీరు చేయించేది నా లెక్కలో బాప్తిస్మం కాదు."

"నీ లెక్కలో ఏంటి మరి?"

"స్నానం."

ఆవిడ కళ్ళజోడు పైకి తోసుకుని నన్ను చూశారు. "స్నానం చేయిస్తే నీకేం పోయింది?"

"అదే చెబుతున్నా. స్నానానికి నేనెందుకు అడ్డం పడతాను? నా కొడుకును ఎవరు శుభ్రం చేసినా సంతోషమే. వాడు పెద్దయ్యాక కావాలంటే సిమెంటు తొట్టిలో దిగుతాడు. కానీ ఒక షరతు. ముంచాలి. నాలుగు చుక్కలు స్నానం కూడా కాదు."

"ముంచుకో. గోదాట్లో ముంచుకో. పేరు మాత్రం నేనే పలకాలి."

"నా మాట కూడా ఒకటి వింటే..." మావారు తలుపు దగ్గర నిలబడి అన్నారు.

"మీరుండండి," అన్నాను.

"నువ్వుండరా," అన్నారు అత్తగారు. ఆ ఇంట్లో మేమిద్దరం ఒకే మాట మీద ఉండటం అదే మొదలు.

ఫోన్లో అయ్యగారికి చెబితే, ముంచడానికి తనకు అభ్యంతరం లేదు, సంబరమే, కానీ మన తొట్టి చిన్నది, వీడు బలిశాడు, పట్టడు అన్నాడు. అది నిజమే. నెల ముందు పుట్టినవాడు ఆర్నెల్లకల్లా నానమ్మ చేతి ఉగ్గుతో గుమ్మడికాయ అయ్యాడు. ఏదన్నా ప్లాస్టిక్ టబ్బు తెమ్మంటారా అన్నాడు. ఫోను మూసి పట్టుకుని అత్తగారికి చెప్పాను.

"ప్లాస్టిక్కా! ఇంత దేశంలో ఒక తొట్టి దొరకదా?" అన్నారు. కిటికీలోంచి చూపించారు. రోడ్డుకు అవతల పచ్చికలో, కంచె పక్కన, గుర్రాల నీళ్ళ తొట్టి ఎండలో మెరుస్తోంది.

ఆ గుర్రాలాయన మన గుడికే వచ్చేవాడు, పాట వచ్చినప్పుడు మాత్రమే నోరు విప్పే ముసలాయన. అయ్యగారు అడిగితే "నో వర్రీస్" అని, శనివారం పొద్దంతా ఆ రేకు తొట్టిని బ్రష్షుతో తోమి, ఆదివారం పొద్దున ట్రక్కు వెనక వేసుకొచ్చి, రాతి తొట్టి పక్కన దింపాడు. నా కూతురు "దిస్ ఈజ్ సో ఎంబరాసింగ్" అంటూనే హాలు వంటింట్లోంచి కెటిళ్ళతో వేణ్ణీళ్ళు మోసింది. నేను మోచెయ్యి పెట్టి వేడి చూశాను. రాతి తొట్టిలోంచి రాకపోతే అవి ఒట్టి నీళ్ళేనని అత్తగారు పేచీ పెట్టారు. అయ్యగారు దానికీ ఒప్పుకున్నాడు. రాతి తొట్టిలో నీళ్ళు పోసి ప్రార్థన చేసి, దోసిళ్ళతో తీసి రేకు తొట్టిలోకి వదిలాడు. పెచ్చు ఊడిన చోటునుంచి ఒక ధార గచ్చు మీదికి కారింది.

వాడి బట్టలు నేనే విప్పాను. అయ్యగారి పెద్ద ఎర్రటి చేతుల్లో చేపపిల్లలా ఉన్నాడు. ఏడుస్తాడనుకున్నాను. నీళ్ళలోకి దిగుతుంటే, తడి తగిలిన ప్రతిచోటా ఆశ్చర్యపోతున్నట్టు కళ్ళు పెద్దవి చేశాడు. ఆ చేతుల్లోనే, ఆ ఒక్క క్షణం, ఎవరి బిడ్డో అనిపించాడు. చలిదేశపు రాతిలో మునిగి లేచిన ఆ పిల్లలందరికీ కడగొట్టు తమ్ముడు, నా ఇంట్లో పుట్టాడు గానీ నావాడు మాత్రమే కాదు. ఇది స్నానమే, స్నానమే, అని లోపల అనుకుంటున్నాను.  

"ఈ బిడ్డ పేరేమిటి?" అయ్యగారు అడిగాడు.

నా కూతురు తర్జుమా చెయ్యబోయింది. అత్తగారు అక్కర్లేదన్నట్టు చెయ్యి చూపి, కర్ర పక్కన పెట్టి, నిటారుగా నిలబడ్డారు. ఆర్నెల్లుగా దాచుకున్న పేరు. ఇంట్లో గొణుగుతున్నట్టుండే ఆవిడ గొంతు అంత పెద్దదని నాకు తెలియదు. ఇంటిపేరుతో సహా పలికారు. రాతి గోడలు ఆ పేరును పట్టుకుని, ఒకసారి చూసుకుని, తిరిగి ఇచ్చాయి. వాడు నిండా మునిగాడు. లేచాడు. దగ్గాడు.

మా నాన్న ఉంటే, సాక్ష్యం చెప్పాడనేవాడు.

బయట చెట్టు కింద కేకు తింటుంటే నా కూతురు నానమ్మ చెయ్యి పట్టుకుంది. "నానమ్మా, వాట్ అబౌట్ మీ? నా పేరు ఎప్పుడు పిలుస్తావ్?" దానికి తెలుగు ఒకేసారి అంత వచ్చేయడం నేను మొదటిసారి విన్నాను.

అత్తగారు నాకేసి చూశారు, దానికేసి చూశారు. "నీకు నోరొచ్చిందిగా పిల్లా. నీకు ఇష్టమైన రోజున తొట్టిలో నిలబడి నువ్వే చెప్పుకో. నేను బందర్లో వింటాను."

పాతికేళ్ళ యుద్ధంలో ఆవిడ నాకు వదిలిన ఒకే ఒక్క గజం నేల అది. నేను మరో ముక్క కేకు ఆవిడ ప్లేటులో వేశాను.

సాయంత్రం వరండాలో కూచున్నాం. రోడ్డుకు అవతల గుర్రాలాయన ట్రక్కు దిగి, రేకు తొట్టిని కంచె పక్కన పాతచోటే పెట్టి, పైపు విప్పాడు. నీళ్ళు రేకు మీద పడుతున్న చప్పుడు మాదాకా వచ్చింది. గోధుమరంగు గుర్రం ఒకటి, ఆ చప్పుడు కోసమే ఎదురు చూస్తున్నట్టు, మేత వదిలి నడిచొచ్చింది. మెడ వాల్చి, అంచు మీద ఆనించి, తాగడం మొదలుపెట్టింది. సందెవెలుగు దాని మెడ మీదినుంచి నీళ్ళలోకి జారుతోంది. నేను అపవిత్రమనీ అనలేదు, పవిత్రమనీ అనలేదు. చూస్తూ ఉండిపోయాను. ఆ మెడ బరువుకు రేకు అంచు అరగడానికి ఎంత కాలం పడుతుంది?

అత్తగారు బిడ్డను ఒళ్ళో నిలబెట్టి, మొహం అటు తిప్పి, వాణ్ణి నిండు పేరుతో పిలిచారు. పిలిచి, "చూడరా," అన్నారు, "నీ తొట్టి."